నాలుగు చెవుల్లో దాచిన కోడ్

మా బావ అసలు పేరు ఫ్యాక్టరీ గేటు దగ్గర కార్డు చూసే మనిషికి తప్ప ఎవరికీ గుర్తున్నట్టు లేదు. అందరూ భద్రంగారనే అంటారు. ఎవరు ఎక్కడికి బయల్దేరినా వెనక నుంచి "భద్రం" అని ఒక మాట పడేయడం ఆయనకు అలవాటు. ఆ వెళ్ళేది పక్క గదిలోకైనా సరే, తోడుగా ఒక భద్రం వెళ్తుంది. చివరికి ఆ మాటే ఆయన నెత్తికి అంటుకుపోయింది.

పంపులు తయారుచేసే ఫ్యాక్టరీలో స్టోర్స్ ఆయన చేతిలో ఉండేది. ఇనపజాలీ కిటికీ, కిటికీ వెనక ఆయన, ఆయన వెనక మేకులూ నట్లూ బల్బులూ. కొత్త బల్బు కావాలంటే పాత బల్బు తెచ్చి చూపించాలి. పాతది ఊడదీయాలంటే చీకట్లో నిచ్చెన ఎక్కాలి కదండీ అంటే, జాగ్రత్తగా ఎక్కండి, భద్రం అనేవాడు. ఒకసారి మేనేజరు గదిలోనే బల్బు పోయింది. పంపిన మనుషులంతా ఉత్త చేతులతో తిరిగొస్తుంటే ఒళ్ళు మండి ఆయనే స్వయంగా దిగొచ్చాడు. నన్ను గుర్తుపట్టావా అని అడిగితే మా బావ లేచి నిలబడి, "మిమ్మల్ని గుర్తుపట్టాను సార్. బల్బును గుర్తుపట్టాలి" అన్నాడట. మేనేజరు ఆ సాయంత్రం టేబుల్ లైటు పెట్టుకుని పని చేసుకున్నాడు.

ఇంట్లోనూ అదే రాజ్యం. బీరువా తాళంచెవి వంటింటి సొరుగులో ఉంటుంది. సొరుగుకు తాళం. ఆ తాళంచెవి పుస్తకాల అరలో. అరకీ తాళం. ఇలా ఇల్లంతా తిరిగి తిరిగి చివరి తాళంచెవి ఆయన మొలకు కట్టిన తాడుకు వేలాడుతుంది. దానితోనే స్నానం, దానితోనే నిద్ర. మా అక్క కాపురానికి వచ్చిన కొత్తలో దేనికీ ఎదురు చెప్పలేదు. పంచదార డబ్బాకు చిన్న తాళం తెచ్చిన రోజున మాత్రం, ఇది వేస్తే టీ మీరే పెట్టుకోండి అంది. ఇన్నేళ్ళ సంసారంలో ఆయన వెనక్కి తగ్గింది ఆ డబ్బా దగ్గరే.

అయితే మా అక్క బాధ తాళాలు కాదు. మనిషి మాట్లాడుతుంటే ఆయన చివరి దాకా వినడు. వినకూడదని కాదు, పాపం, కూర్చోలేడు. మా అక్క ఏదైనా చెప్పడం మొదలుపెడుతుంది. సంగతి రసపట్టులోకి వస్తుందనగా ఆయన "ఒక్క నిమిషం" అని లేచి, గ్యాస్ కట్టేశామో లేదో చూడ్డానికి వెళ్తాడు. తిరిగొచ్చి "ఆఁ, చెప్పు" అంటాడు. ఎక్కడ ఆపిందో ఆవిడకు గుర్తుండదు. అలా సగంలో ఆగిపోయిన మాటలన్నీ పోగేస్తే వాళ్ళింట్లో వాటికి ఇంకో బీరువా కావాలి.

ఆయన లేవకుండా కూర్చునే చోటు ఒక్కటే ఉంది. కారు. సీటు బెల్టు పెట్టుకుని ఉంటాడు గనక.

ఆ కారు కథ చెప్పాలి. నా మేనకోడలు మూడో తరగతిలో ఉండగా, ఊరు మారిపోతున్న ఒక పళ్ళ డాక్టరు దగ్గర కొన్నారు. అప్పటికే అది నడివయసు బండి. డాక్టరు తాళాలిస్తూ, మూసిన కవరు ఒకటి కూడా ఇచ్చి, అందులో రేడియో కోడ్ ఉందన్నాడు. బ్యాటరీ తీస్తే ఈ రేడియో మూగబోతుందనీ, నాలుగంకెలు సరిగ్గా నొక్కితే గాని నోరు విప్పదనీ, దొంగ ఊడబెరుక్కుపోయినా వాడికి అది ఇటుకరాయితో సమానమనీ చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను. మా బావ మొహం చూడాలి. లోకంలో తనలాంటివాడు ఇంకొకడున్నాడని తెలిసిన మనిషి మొహం అది. ఇంజను సంగతి అడగలేదు, టైర్లు చూడలేదు. కవరు జేబులో పెట్టుకుని, జేబు మీద చెయ్యి పెట్టుకుని, ఒంటిచేత్తో కారు నడుపుకుంటూ ఇంటికొచ్చాడు.

ఆ ఆదివారం మమ్మల్ని పిలిచాడు. మమ్మల్ని అంటే మా అక్కనూ, మేనకోడలినీ, వాళ్ళ వీధి చివర కళ్ళజోళ్ళ షాపు నడుపుకునే నన్నూ, వేరే ఊరి నుంచి చూడ్డానికొచ్చిన ఆయన అక్కగారినీ. ఆవిడ ఒక పెద్దాసుపత్రిలో మేట్రన్‌గా చేసి రిటైరయ్యారు. నాకు వదిన వరసే గానీ, ఆవిడ చూపు పడితే జ్వరం లేనివాళ్ళు కూడా మంచమెక్కుతారు. అందుకని అందరమూ మేట్రన్ అనే అంటాం, చాటున.

బావ వాషింగ్ మెషీను ఆన్ చేశాడు, మాటలు బయటికి వినపడకుండా. ఒక అట్టముక్కకు మధ్యలో చిన్న కంత కోసి పెట్టుకున్నాడు. కవరులోంచి కార్డు తీసి, దాని మీద ఆ అట్ట పెట్టి, తాను కళ్ళు గట్టిగా మూసుకుని, ఒక్కొక్కరినీ మెషీను పక్కకు రమ్మన్నాడు. కంతలోంచి ఒక్కొక్కరికి ఒక్క అంకె కనిపించింది. ఎవరి అంకె వాళ్ళదే. ఎవరిది ఎన్నో స్థానమో ఆయనకొక్కడికే తెలుసు. అంకెలు ఆయన చూడలేదు. దొంగ పీక మీద కత్తి పెట్టినా చెప్పడానికి తన దగ్గర ఏమీ ఉండకూడదని ఏర్పాటు. ఆ తర్వాత కార్డును ముక్కలు చేసి, నాలుగు వీధుల్లోని చెత్తకుండీల్లో వేసొచ్చి, మా నలుగురి చేతా మాట తీసుకున్నాడు.

"ఎవరడిగినా చెప్పకూడదు. నేనడిగినా చెప్పకూడదు. ఫోన్లో అడిగితే అసలే చెప్పకూడదు. నా గొంతు ఎవడైనా తీయొచ్చు."

"మరి అవసరమొస్తే ఎలా తెరుస్తారు?" అని అడిగింది మా అక్క.

"ఆ అవసరం రాకుండా చూసుకోవడమే జాగ్రత్తంటే" అని మెషీను కట్టేశాడు.

అవసరం చాలా ఏళ్ళ దాకా రాలేదు; బ్యాటరీ మార్చినప్పుడల్లా కరెంటు తెగకుండా ఇంకో బ్యాటరీ పక్కన తగిలించి మరీ మార్పించేవాడు. ఇప్పుడొచ్చింది. దానికి ముందు రేడియో సంగతి ఒకటుంది.

మా ఊళ్ళో ఒక చిన్న రేడియో స్టేషన్ ఉంది. దాని గొంతు ఊరి పొలిమేర దాటదు, ఫోన్లలో రాదు. ప్రతి ఆదివారం ఆరింటికి మామూలు మనుషులు ఎవరో ఒకరొచ్చి తమకు తోచింది పావుగంట మాట్లాడతారు. బావా అక్కా కూరగాయలు కొనుక్కుని కారులో తిరిగొస్తూ అది వింటారు. కిందటేడు ఒకాయన తన మోకాలి నొప్పి గురించి పావుగంటా చెప్పేసరికి మా అక్కకు విసుగొచ్చి, ఇంతకంటే నేను బాగా చెప్తాను అంది. బావ రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, అయితే వెళ్ళి చెప్పు అన్నాడు. అన్నవాడు ఇంటికి చేరేలోపే మర్చిపోయాడు. విన్నావిడ మర్చిపోలేదు. ఎవరికీ చెప్పకుండా స్టేషన్‌కి వెళ్ళింది. వాళ్ళు గొంతు చూస్తామన్నారు, చూపించింది. రాసుకురమ్మన్నారు, రాసింది. మూడుసార్లు చదివించి రికార్డు చేసుకున్నారు. వచ్చే ఆదివారం వేస్తామని చెప్పాక అప్పుడు ఇంట్లో బయటపెట్టింది. దేని గురించి అంటే మాత్రం, విన్నాక తెలుస్తుందిగా అని ఊరుకుంది.

నాతో విడిగా ఒక మాట చెప్పింది. "నాకు ఊరంతా వినక్కర్లేదురా. మీ బావ ఒక్కసారి మొదటి నుంచి చివరి దాకా కదలకుండా వినాలి. కారులో అయితే వింటారు."

పక్కింటివాళ్ళకి రేడియో ఉంది కదా అన్నాను. వాళ్ళ హాల్లో కూర్చోబెడితే మీ బావ వాళ్ళ గ్యాస్ చూడ్డానికి లేస్తారు అంది. అదీ నిజమే.

ఆ ఆదివారానికి ముందురోజు, శనివారం పొద్దున, కారు కదల్లేదు. బ్యాటరీ చచ్చిపోయింది. ఎందుకు చచ్చిపోయిందో కనిపెట్టడానికి మెకానిక్‌కు ఎంతోసేపు పట్టలేదు. కారులో ఏదో పెద్ద అలారం ఉందని దొంగలు భయపడాలని, మా బావ ముందు అద్దం దగ్గర ఎర్రగా మిణుకు మిణుకుమనే చిన్న లైటొకటి పెట్టించాడు. అలారం లేదు, లైటే. అది రాత్రింబవళ్ళు మిణుకుమని మిణుకుమని బ్యాటరీని పీల్చి పిప్పి చేసింది. దొంగ ఎవడూ చేయలేని పని ఆ లైటు చేసింది.

మెకానిక్ కొత్త బ్యాటరీ వేశాడు. ఇంజను బాగానే పలికింది. రేడియో నొక్కితే పాట రాలేదు, కోడ్ కొట్టమని అక్షరాలు వెలిగాయి. మా అక్క గుండె జారిపోయింది. మా బావ మొహం మాత్రం వెలిగిపోయింది. ఇన్నేళ్ళు ఎదురుచూసిన చుట్టం గుమ్మంలోకి వచ్చినట్టు దాని వైపు చూసి, నాతో "చూశావటోయ్, నన్నే నమ్మట్లేదు. అదీ సెక్యూరిటీ అంటే" అన్నాడు.

మా అక్క, రేపు ఆదివారం అని మాత్రం అంది.

ఆ మధ్యాహ్నం నేనూ బావా ఆ కారు కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్ళాం. అక్కడ సన్నటి పిన్నులు రెండు దూర్చి రేడియోను బయటికి లాగి, పక్కనున్న స్టిక్కర్ మీది నంబరు రాసుకున్నారు. ఆ నంబరు పెద్దాఫీసుకు పంపితే కోడ్ వస్తుందట. అయితే కారు మీదేనని రుజువు కావాలి, బండి కాగితాలూ గుర్తింపు కార్డూ చూపించండి అంది కౌంటర్లో అమ్మాయి. ఈ ప్రశ్న మా బావకు ఎంతో నచ్చింది. కాగితాలు తీసి, నంబరు మీద బొటనవేలు అడ్డం పెట్టి చూపించాడు. వేలు తీయండి సార్ అందా అమ్మాయి. "తీస్తానమ్మా. ముందు మీరు కంపెనీవాళ్ళేనని నాకు తెలియాలి కదా" అన్నాడు. ఆ అమ్మాయి మెళ్ళో ఉన్న కార్డు చూపించింది. కార్డు ఎవరైనా చేయించుకోవచ్చన్నాడు. వెనక గోడ మీది బోర్డు చూపించింది. బోర్డూ అంతే. తాను ఆయనేనని ఆయన, తాను తానేనని ఆ అమ్మాయి చాలాసేపు వాదించుకున్నారు. నా వెనక క్యూలో ఉన్నాయన, పోనీ మీ ఇద్దరినీ నాకు పరిచయం చేయండి అన్నాడు. చివరికి బావ వేలు తీశాడు. ఆ అమ్మాయి నంబరు పంపింది. జవాబు సోమవారం వస్తుందని చెప్పింది.

సోమవారమంటే కథ అయిపోయాక.

ఆదివారం సాయంత్రం ఇంటి ముందు వీధిలో, కారు దగ్గర అంతా చేరాం. ఇక దారి ఒకటే. నలుగురి అంకెలూ పోగుచేయాలి. నాది నేను బావ చెవిలో చెప్పాను. మేనకోడలు గట్టిగానే చెప్పబోతే నోరు మూసి, చెవి ఒగ్గాడు. ఇన్నేళ్ళూ ఎలా గుర్తుపెట్టుకున్నావమ్మా అని మురిసిపోతే, అప్పట్లో మా క్లాసంతా దాంతోనే ఆడుకునేవాళ్ళం నాన్నా అందది. ఆయన మొహం మాడిపోయింది. నా అంకె ఒక్కటే కదా, దాంతో ఏం చేస్తారు అని ఓదార్చింది. మా అక్క తన అంకె ఆయన చెవిలో చెప్పింది. ఇక మిగిలింది మేట్రన్.

ఫోన్ చేశాడు. సంగతంతా విన్నాక ఆవిడ, "ఎవరడిగినా చెప్పొద్దన్నావు. ఫోన్లో నువ్వడిగితే అసలే చెప్పొద్దన్నావు. నేను మాటిచ్చాను" అని పెట్టేసింది.

బావ ఫోన్ చేత్తో పట్టుకుని మా వైపు గర్వంగా చూశాడు. "చెప్పలేదు, చూశారా?"

మా అక్క కూడా ఆయన వైపు చూసింది. ఆ చూపు నేను చిన్నప్పటి నుంచీ ఎరుగుదును. గర్వం అక్కడికక్కడే కరిగి కారిపోయింది.

మూడంకెలు తెలుసు, ఒక్కటే తెలియదు, పది అంకెల్లో ఏదో ఒకటి అవుతుంది, నొక్కి చూద్దాం అంది మేనకోడలు. ఊహించి తెరవడం దొంగల పని అన్నాడు బావ. అన్నాడే గానీ, ఆ చూపు ఇంకా ఆయన వీపు మీదే ఉంది. డ్రైవరు సీట్లో కూర్చుని, రేడియో మీద చేతిరుమాలు కప్పి, దాని కింద వేళ్ళు పెట్టి మొదలెట్టాడు. స్టోర్స్ మనిషి కదా, సున్నా నుంచి వరసగా పోయాడు. సున్నా కాదు. ఒకటి కాదు. రెండూ కాదు. దాంతో రేడియో కీచుమని అరిచి, ఆగమని చెప్పింది.

మెకానిక్‌కి ఫోన్ చేస్తే వాడు అయ్యయ్యో అన్నాడు. మూడుసార్లు తప్పు కొడితే అది గంటసేపు పడుకుంటుందట. రేడియో ఆన్‌లోనే ఉంచి కాచుక్కూర్చోవాలి. మధ్యలో ఆపితే మళ్ళీ మొదటికి. ఈసారి తప్పయితే ఇంకా ఎక్కువసేపు పడుకుంటుంది. వాచీ చూసుకున్నాం. అది లేచేసరికి ఆరు కావస్తుంది. అంటే దొరికేది ఒక్క అవకాశం.

అందరం కారెక్కి కూర్చున్నాం. ముందు బావా అక్కా, వెనక నేనూ మేనకోడలూ. అద్దాలన్నీ దించి ఉన్నాయి. బావ అలవాటుగా బెల్టు పెట్టుకున్నాడు. ఎక్కడికీ పోని కారులో బెల్టు పెట్టుకుని కూర్చున్న మనిషిని చూసి, వీధిలో నడిచేవాళ్ళు ఆగి, తోయాలా అని అడిగారు. అక్కర్లేదు, రేడియో నిద్ర లేవాలి అన్నాను. వాళ్ళు నా వైపు జాలిగా చూసి వెళ్ళారు.

గంట గడవడానికి ఇంకా కాస్త ఉందనగా మా అక్కే మేట్రన్‌కి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టింది. అర్థించలేదు, బతిమాలలేదు. ఈ రోజు ఆరింటికి నేను రేడియోలో మాట్లాడుతున్నాను వదినా, ఆయన వినాలి అని మాత్రం చెప్పింది.

మేట్రన్ అంది, "నీకివ్వాలనే ఉందమ్మాయ్. కానీ మాట మాటే. వాడు వాడేనని తేలితే చెప్తాను. ఫోన్ వాడికివ్వు."

బావ ఫోన్ అందుకుని వినయంగా అడగమన్నాడు.

మొదటి ప్రశ్న, అంకెల వరస ఏమిటి? ఎవరిది ఎన్నో స్థానం? అది తన తమ్ముడికి తప్ప ఎవరికీ తెలియదు కదా. బావ ఫోన్‌ను నోటి దగ్గరగా పెట్టుకుని గుసగుసగా చెప్పబోయాడు. వినపడట్లేదు, గట్టిగా చెప్పు అంది ఆవిడ. ఆయన మా అందరి వైపూ ఒకసారి చూసి, వేరే దారిలేక, మొదటిది బావమరిదిది, రెండోది అమ్మాయిది, మూడోది నీది, చివరిది దీనిది అన్నాడు.

ఎందుకా వరస అని అడిగింది మేట్రన్. ఆసుపత్రిలో ఏ రోగినీ సగం జవాబుతో వదిలిపెట్టిన మనిషి కాదు.

బావ గొంతు సవరించుకున్నాడు. నమ్మకాన్ని బట్టి పెట్టానన్నాడు. ముందు తక్కువ, పోను పోను ఎక్కువ.

ఇన్నేళ్ళూ ఆయన ఇంటి తాళంచెవులన్నిటికీ నకలు చేయించి తెచ్చిపెట్టినవాణ్ణి నేను. ఆయన కళ్ళజోడు ఫ్రేమ్ విరిగిన ప్రతిసారీ ఊరికే అతికించి ఇచ్చినవాణ్ణి. మొదటిది బావమరిదిది. మేనకోడలు నా భుజం మీద చెయ్యి వేసి, బాధపడకు మామయ్యా, నేను రెండోదాన్నేగా అంది. మా అక్క మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. చెవులు ఎర్రబడటం వెనక నుంచి నాకు కనిపించింది.

"మూడోదాన్నా నేను? సరే" అంది మేట్రన్. "ఇంకొక్కటి. మన చిన్నప్పుడు నాన్న సైకిలు పోయింది. బజార్లో కొట్టు ముందు పెట్టి తాళం వేయకుండా లోపలికి వెళ్ళింది ఎవరు?"

నేను ఆయన మెడ వైపు చూశాను. చొక్కా కాలరు చెమటతో తడిసింది.

ఈ సైకిలు సంగతి నేనెప్పుడూ వినలేదు. తర్వాత మేట్రన్ నోటే విన్నాను. సైకిలు పోయిన రోజున తమ్ముడు ఇంటికొచ్చి, అక్కే తీసుకెళ్ళింది, అక్కే తాళం వేయలేదు అన్నాడట. ఎనిమిదేళ్ళవాడి మాట నాన్న నమ్మాడు. తర్వాత కొత్త సైకిలు కొన్నాక కూడా ఆడపిల్లకు దాన్ని ముట్టుకునే హక్కు పోయింది. ఆవిడ చదువంతా కాలినడకనే సాగింది. తమ్ముడు సైకిలెక్కి పక్కనుంచే వెళ్ళేవాడు.

"దొంగ అయితే అక్కే అంటాడు" అంది మేట్రన్, మామూలు గొంతుతో. "ఇంట్లో అందరికీ తెలిసిన జవాబు అదే. నా తమ్ముడైతే ఇంకో జవాబు చెప్తాడు. అది తెలిసినవాళ్ళం ఇద్దరమే."

"నేనే" అన్నాడు బావ.

"సిగ్నల్ బాగాలేదు. మళ్ళీ చెప్పు."

"నేనే అక్కా. నేనే తాళం వేయలేదు. నువ్వసలు బజారుకే రాలేదు."

కూతురు ముందు, పెళ్ళాం ముందు, అన్నిటికంటే ముఖ్యంగా మొదటి స్థానం బావమరిది ముందు, ఆ మాట అన్నాడు. మొలలోని తాళంచెవి తాడు మీద ఒక చెయ్యి వేసుకుని ఉన్నాడు. ఆ తాడు ఎప్పటి నుంచి మొలకెక్కిందో నాకు అప్పుడు తెలిసింది.

అవతలి నుంచి ముక్కు చీదిన చప్పుడు వచ్చింది. జలుబని తర్వాత చెప్పింది లెండి.

"ఎనిమిది" అంది మేట్రన్. "ఇక మీద భద్రం, ఒరేయ్."

రేడియో మీద ఆగమన్న అక్షరాలు పోయి, కోడ్ కొట్టమన్నవి వచ్చాయి. బావ జేబులోంచి చేతిరుమాలు తీసి మళ్ళీ రేడియో మీద కప్పాడు. వరస ఊరంతా వినేలా చెప్పేశాక ఇప్పుడు రుమాలెందుకు నాన్నా అంది మేనకోడలు. అలవాటు తప్పకూడదమ్మా అన్నాడు. మొదటి మీట నా అంకె ఎంతో అన్నిసార్లు, రెండో మీట దాని అంకె ఎంతో అన్నిసార్లు, మూడోది ఎనిమిదిసార్లు, నాలుగోది మా అక్కది. ఆఖరి మీట మా అక్కే నొక్కింది. కోడ్ పూర్తయిందని రేడియోకి చెప్పే పక్క మీటను బావ నొక్కిపట్టుకున్నాడు.

రేడియో కాసేపు ఆలోచించింది. తర్వాత గుర్రుమని, గొంతు సవరించుకుని, మాట్లాడింది.

మాట్లాడింది మా అక్క.

కార్యక్రమం అప్పుడే మొదలైంది. మొదటి రెండు వాక్యాలూ బళ్ళో పాఠం చదివినట్టు చదివింది. మూడో వాక్యానికి మనిషి గొంతు వచ్చింది. "మా ఇంట్లో పంచదార డబ్బాకు తప్ప అన్నిటికీ తాళముంది" అంది రేడియోలో. "ఎప్పుడైనా మా ఇంటికి దొంగ వస్తే నాకు జాలేస్తుంది. ఏ తాళంచెవి ఎక్కడుందో వెతుక్కోలేక పాపం వాడికి తెల్లారిపోతుంది. ఆ పంచదారతోనే టీ పెట్టిచ్చి పంపాలి."

మేనకోడలు చున్నీ నోట్లో కుక్కుకుంది. నేను నా బూట్ల వైపు చూస్తూ కూర్చున్నాను. ముందు సీట్లో మా అక్క కదలకుండా, రేడియోలోని మనిషి ఎవరో తనకు తెలియనట్టు, రోడ్డు వైపు చూస్తోంది. మా బావ చెయ్యి నెమ్మదిగా ముందుకు వెళ్ళింది. ఆపేస్తాడనుకున్నాను. ఆపలేదు. కారు అద్దాలు ఒక్కొక్కటీ పైకెక్కించాడు, బయటివాళ్ళకు వినపడకుండా. ఊళ్ళో అన్ని ఇళ్ళల్లోంచీ అదే గొంతు వినపడుతోందని నేను చెప్పలేదు. తలుపులు కూడా లాక్ చేశాడు. లోపల ఉక్కపోత మొదలైంది.

బల్బుల కథ వచ్చింది. మేనేజరు కథ వచ్చింది. వాషింగ్ మెషీను పక్కన అట్టముక్క కంత కూడా వచ్చింది. "మా కారు రేడియోకి నాలుగంకెల కోడ్ ఉంది. అందులో ఒకటి నా దగ్గరుంది. ఏడు. ఇన్నేళ్ళలో నన్నెవరూ అడగలేదు కాబట్టి ఈ రోజు మీ అందరికీ చెప్పేస్తున్నాను."

బావ కళ్ళు తేలేశాడు. ఆయన చెయ్యి బెల్టు బకిల్ మీదికి వెళ్ళింది. ఆ కదలిక మాకందరికీ తెలిసిందే. ఇప్పుడు దిగి లోపలికి వెళ్తాడు. సరిగ్గా అప్పుడే రేడియో, "నేను ఏదైనా చెప్పడం మొదలుపెడితే ఆయన గ్యాస్ చూడ్డానికి లేస్తారు" అంది. చెయ్యి బకిల్ మీదే ఆగిపోయింది. ఆ తర్వాత చాలాసేపు అక్కడే ఉంది. నొక్కలేదు, తీయలేదు.

చివరికి వచ్చింది. ఆవిడ గొంతు కాస్త తగ్గింది.

"ఇక ఒకే ఒక్క మాట, మా ఆయనకు. గ్యాస్ నేనే కట్టేసి వచ్చాను. కూర్చోండి."

పాట మొదలైంది. బావ వాల్యూమ్ తగ్గించాడు. అందరం ఆయన మొహం వైపు చూస్తున్నాం. మా అక్క ఒక్కతే చూడట్లేదు. ఫోన్ ఇంకా స్పీకర్‌లోనే ఉందని, అవతల మేట్రన్ ఊపిరి బిగబట్టి వింటోందని అప్పుడు గమనించాను.

"అంకె చెప్పావు గానీ" అన్నాడు బావ, "ఎన్నో స్థానమో చెప్పలేదు. నయం."

ఫోన్లోంచి మేట్రన్ నవ్వు వినపడింది. ఆవిడ నవ్వు నేను వినడం అదే మొదటిసారి. మా అక్క ఇటు తిరిగి, మొత్తం విన్నారా అని అడిగింది. ఆయన తలూపాడు. రుజువు కావాలన్నట్టు ఆవిడ చూస్తూనే ఉంటే, మేనేజరు కథలో ఆయన టేబుల్ లైటు పెట్టుకున్న ముక్క నువ్వు వదిలేశావు అన్నాడు. మా అక్కకు అంతకంటే పెద్ద రుజువు అక్కర్లేకపోయింది. అప్పుడు బెల్టు తీసుకుని దిగాడు. తిన్నగా వంటింట్లోకి వెళ్ళాడు. గ్యాస్ చూడ్డానికే. అది మారుతుందని ఎవరూ అనుకోలేదు.

సోమవారం మధ్యాహ్నం సర్వీస్ సెంటర్ అమ్మాయి ఫోన్ చేసింది. నేను అక్కడే ఉన్నాను. మీ కోడ్ వచ్చింది సార్ అని నాలుగంకెలూ గడగడా చదివేసింది. సరిగ్గా అవే. మా బావ కంగారుపడి ఇటూ అటూ చూసి, ఫోన్ లైన్లలో దొంగ ఎవడైనా వింటుంటే వాణ్ణి తప్పుదారి పట్టించాలని, "కాదమ్మా, అది మాది కాదు" అని పెట్టేశాడు. పాపం ఆ అమ్మాయి మళ్ళీ పెద్దాఫీసుకు రాసింది. వాళ్ళు ఇంకా సరిచూస్తూనే ఉన్నారట. అప్పుడప్పుడూ ఆలస్యానికి క్షమించమని సందేశం వస్తుంది. నా స్థానం మార్చమని నేనడిగాను. కోడ్ మార్చడానికి కుదరదోయ్ అన్నాడు.

స్టేషన్‌వాళ్ళు మా అక్కను మళ్ళీ పిలిచారు. ఉత్తరాలు బాగా వచ్చాయట, ముఖ్యంగా ఆడవాళ్ళవి. ఈ ఆదివారం రెండోసారి మాట్లాడబోతోంది. నాలుగు రోజులుగా మా బావ ఆవిడ చుట్టూ తిరుగుతున్నాడు, ఈసారి దేని గురించి, కాస్త చూచాయగా అయినా చెప్పు అని. నిన్న నేను వెళ్ళేసరికి అదే భాగోతం నడుస్తోంది. కావాలంటే వాషింగ్ మెషీను ఆన్ చేస్తాను, చెవిలో చెప్పు అంటున్నాడు.

మా అక్క టీలో పంచదార వేసి కలుపుతూ తలెత్తకుండా అంది, "ఎవరడిగినా చెప్పకూడదు. మీరడిగినా."